గుండెలో మిగిలిపోయిన తీగలు

(స్మారకోపన్యాస పాఠం)



మా గురువుగారి పేరిట జరిగే ఈ స్మారక సభలో ఆయన్ని పొగుడుతూ కూర్చుంటే ఆయనే ఒప్పుకునేవారు కాదు. "అదంతా సరేనయ్యా, రోగి సంగతి చెప్పు" అనేవారు. 1946లో మొదలైన గుంటూరు వైద్య కళాశాలలో ఆయన వెనక రౌండ్లు తిరిగినవాళ్లు ఈ హాల్లో చాలామందే కనిపిస్తున్నారు. ఆయన అలవాటు ఒకటి వాళ్లకు బాగా గుర్తుండి ఉంటుంది. రోగి ఒంట్లోకి గొట్టం గానీ, రాడ్డు గానీ, కవాటం గానీ ఏదైనా పెట్టామని చెప్పడం ఆలస్యం, వెంటనే అడిగేవారు: "తీయాల్సి వస్తే ఎప్పుడు తీస్తావు? ఎలా తీస్తావు? నువ్వు లేకపోతే ఎవరు తీస్తారు?" అప్పట్లో మాకది చాదస్తం. పెట్టడమే గగనమైన రోజుల్లో తీయడం గురించి ఎవరు ఆలోచిస్తారు?

ఇప్పుడు ఆలోచించక తప్పని రోజు వచ్చింది. పేస్‌మేకర్ పెట్టించుకుని పది, పదిహేను, ఇరవయ్యేళ్లు బతికినవాళ్లు గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల్లో ఏ మండలానికి వెళ్లినా ఉన్నారు. వాళ్లలో కొందరి గుండెల్లో పనిచేసే లీడ్ల పక్కనే పనిచేయని లీడ్లూ ఉన్నాయి. ఆ పాత లీడ్లను ఏం చేయాలన్నదే ఈ సాయంత్రం నా విషయం.

వైద్యులు కానివారి కోసం నాలుగు మాటలు. గుండె కొట్టుకోవడానికి కావలసిన విద్యుత్ సంకేతం గుండెలోనే, పై గదుల్లో పుడుతుంది. అది కింది గదులకు చేరే దారి చెడిపోతే నాడి నిమిషానికి ముప్పయికో నలభైకో పడిపోతుంది. మనిషి ఉన్నట్టుండి కళ్లు తిరిగి పడిపోతాడు. ఇలాంటివాళ్లకు పెట్టేదే పేస్‌మేకర్. మన పల్లెల్లో "గుండెకు బ్యాటరీ వేశారు" అంటారు. నిజానికి బ్యాటరీ ఉండేది గుండెలో కాదు. పాతిక ముప్పయి గ్రాముల లోహపు పెట్టెను ఎడమ కాలర్ ఎముకకు దిగువన, చర్మం అడుగున చిన్న అర చేసి పెడతారు. ఆ అరనే మేం పాకెట్ అంటాం. గుండెలోకి వెళ్లేది తీగ, అంటే లీడ్. పొడవు 50-60 సెంటీమీటర్లు, మందం సుమారు రెండు మిల్లీమీటర్లు. అది భుజం దగ్గరి సిరలో దూరి, ఊర్ధ్వ మహాసిర గుండా కుడి కర్ణికలోకి, అక్కడి నుంచి కవాటం దాటి కుడి జఠరికలోకి వెళ్తుంది. కొస గుండె కండరానికి కొక్కెంతోనో మరతోనో పట్టుకుని ఉంటుంది.

బ్యాటరీ ఎనిమిది నుంచి పన్నెండేళ్లకు అయిపోతుంది. అప్పుడు పెట్టె మారుస్తారు. తీగ మారదు. పాత తీగకే కొత్త పెట్టె తగిలిస్తారు. కాబట్టి రోగి ఒంట్లో ఎక్కువకాలం కాపురం చేసేది పెట్టె కాదు, తీగ. ప్రకటనల్లో, ఆసుపత్రి బిల్లుల్లో, బంధువుల మాటల్లో మాత్రం పెట్టె పేరే వినిపిస్తుంది. తీగ ఏ కంపెనీదో, ఏ మోడలో, ఏ ఏడు పెట్టారో చెప్పగల రోగి నాకు అరుదుగా ఎదురయ్యాడు. అది రోగి తప్పు కాదు, చెప్పినవాళ్లు లేరు.

ఒంట్లో పూర్తిగా అమర్చిన మొదటి పేస్‌మేకర్ 1958 అక్టోబరు 8న స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఆసుపత్రిలో పెట్టారు. తయారుచేసిన ఇంజనీరు రూనే ఎల్మ్‌క్విస్ట్, పెట్టిన సర్జన్ ఓకే సెన్నింగ్, పెట్టించుకున్నది ఆర్నే లార్సన్. ఆ యంత్రం కొద్ది గంటలకే మూగబోయింది. లార్సన్ మాత్రం తర్వాతి నలభై మూడేళ్లలో ఇరవైకి పైగా పెట్టెలు మార్పించుకుని 2001లో, 86వ ఏట, గుండెజబ్బుతో కాదు, క్యాన్సర్‌తో పోయారు. మొదట్లో తీగలను ఛాతీ తెరిచి గుండె పైపొరకు కుట్టేవారు. అదే 1958లో న్యూయార్క్‌లో సేమూర్ ఫర్మన్ సిర గుండా తీగను గుండె లోపలికి పంపవచ్చని చూపించారు. ఛాతీ కోయకుండా గంటలో పని ముగించే వీలు అక్కడి నుంచి వచ్చింది. ఇవాళ్టి మన సమస్య కూడా అక్కడి నుంచే వచ్చింది. కుట్టిన తీగ గుండె బయట ఉండేది. సిర గుండా పంపిన తీగ నెత్తుటి ప్రవాహం మధ్యన ఉంటుంది.

రోజుకు సుమారు లక్షసార్లు గుండె కొట్టుకుంటుంది. కొట్టుకున్న ప్రతిసారీ లీడ్ వంగి లేస్తుంది. పదేళ్లకు లెక్కేస్తే 36 కోట్ల పైమాట. ఇంత వాడకానికి ఏ లోహమైనా అలుస్తుంది. లోపలి తీగ చిట్లవచ్చు. పైన తొడిగిన సిలికోన్ లేదా పాలియురెథేన్ పొర చిరగవచ్చు. కాలర్ ఎముకకూ మొదటి పక్కటెముకకూ మధ్య ఇరుకు సందులో లీడ్ నలిగి తెగడం బాగా తెలిసిన సంగతే. మన ప్రాంతంలో దీనికి తోడయ్యే పనులు కొన్నున్నాయి. వీపున స్ప్రేయర్ తగిలించుకుని మిర్చి చేలో మందు కొట్టే రైతుకు ఆ పట్టీ సరిగ్గా పెట్టె మీదనే ఒరుసుకుంటుంది. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసే ముఠా మనిషికి బరువంతా భుజం మీదనే. ఆపరేషన్ అయిన నెలన్నరకు "ఇక అన్ని పనులూ చేసుకోవచ్చు" అని చెప్పి పంపేటప్పుడు ఆయన చేసే పని ఏమిటో అడగాలి. నిమిషం పట్టదు. అవసరమైతే పెట్టెను రెండోవైపు పెట్టాలని ఆపరేషన్‌కు ముందే తేల్చుకోవచ్చు.

లీడ్ చెడిపోకుండానే అక్కరకు రాకుండా పోయే సందర్భాలూ ఉన్నాయి. ఒక లీడున్న యంత్రం నుంచి రెండు లీడ్ల యంత్రానికో, షాక్ ఇచ్చే ఐసీడీకో మారినప్పుడు పాతది మిగిలిపోవచ్చు. 1990లకు ముందు ఒక్కో కంపెనీది ఒక్కో కొలత ప్లగ్గు. తర్వాత అందరికీ ఒకే కొలత వచ్చింది. ఆ మార్పులో చిక్కుకున్న పాత లీడ్లు కొన్ని బాగున్నా వాడకానికి రాలేదు. ఒక్కోసారి తయారీలోనే లోపం బయటపడుతుంది. 2007 అక్టోబరులో మెడ్‌ట్రానిక్ కంపెనీ తన స్ప్రింట్ ఫిడెలిస్ అనే ఐసీడీ లీడ్‌ను మార్కెట్ నుంచి వెనక్కు తీసుకుంది. అప్పటికే ప్రపంచమంతా రెండున్నర లక్షలకు పైగా మనుషుల గుండెల్లోకి అది చేరిపోయింది. కారులో లోపముంటే షెడ్డుకు పిలిపిస్తారు. గుండెలో ఉన్నదాన్ని ఎక్కడికి పిలిపిస్తారు?

అక్కరలేనిది ఒంట్లో ఎందుకు, లాగి పారేయండి అనిపించడం సహజం. రోగి కొడుకులు మొదట అడిగేది అదే. దీనికి జవాబు చెప్పడానికి నేను మన నల్లరేగడినే వాడుకుంటాను. పత్తి మొక్క మొలిచిన వారానికి రెండు వేళ్లతో పీకితే వచ్చేస్తుంది. ఆఖరి ఏరుడు అయ్యాక, మాఘ ఫాల్గుణాల్లో, నేల ఎండి నెర్రెలిచ్చాక అదే కట్టెను పీకి చూడండి. రాదు. బలవంతాన లాగితే వేరుతోపాటు గడ్డ పెళ్లగిల్లి వస్తుంది. లీడ్ సంగతీ అంతే. పెట్టిన కొద్ది నెలల్లోనే దాని చుట్టూ పీచు కణజాలం పెరగడం మొదలవుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ సిర గోడకూ, కవాటానికీ, గుండె కండరానికీ, పక్కనున్న మరో లీడ్‌కూ అతుక్కుపోతుంది. చాలాకాలానికి ఆ పీచులో సున్నం కూడా పేరుకుంటుంది. కుర్రవాళ్ల ఒంట్లో ఈ పెరుగుదల మరీ గట్టిది. ఏడాది లోపు లీడ్ మామూలుగా లాగితే వస్తుంది. ఏడాది దాటితే దాన్ని ఎక్స్‌ట్రాక్షన్ అనే వేరే లెక్కలో వేస్తాం. దానికి పనిముట్లు వేరు, అనుభవం వేరు, ప్రమాదం వేరు.

తీయడం ఎలా నేర్చుకున్నామో వింటే ఇప్పటి విద్యార్థులకు నవ్వొస్తుంది. 1960ల చివర్లో లీడ్ బయటి కొసకు దారం కట్టి, మంచం చివరి కప్పీ మీదుగా తూకం వేలాడదీసి, రోజుల తరబడి రోగిని అలా పడుకోబెట్టేవారు. కొన్ని వచ్చేవి, కొన్ని తెగేవి. 1980ల చివర్లో అమెరికాలో చార్లెస్ బర్డ్ వంటివారి కృషితో లీడ్ లోపలి సన్నని రంధ్రంలో చివరిదాకా వెళ్లి బిగుసుకునే స్టైలెట్ వాడకంలోకి వచ్చింది. దాంతో లాగే బలం బయటి పొర మీద కాక కొస మీద పడసాగింది. తర్వాత లీడ్ మీద తొడుగుతూ లోపలికి పంపే గొట్టాలు వచ్చాయి. వాటిలో కొన్నింటి అంచు గుండ్రంగా తిరుగుతూ పీచును కోస్తుంది. కొన్నింటి కొసన ఎక్సైమర్ లేజర్ ఉంటుంది. 1999లో అచ్చయిన ప్లెక్సెస్ అనే పోలిక అధ్యయనంలో లేజర్ లేకుండా తీస్తే నూటికి 64 లీడ్లు పూర్తిగా వచ్చాయి. లేజర్‌తో 94 వచ్చాయి. 2010లో వెలువడిన లెక్సికాన్ అధ్యయనంలో 1,449 మంది నుంచి 2,405 లీడ్లను లేజర్‌తో తీశారు. నూటికి 96కు పైగా పూర్తిగా వచ్చాయి. పెద్ద హాని జరిగినవారు నూటికి 1.4 మంది. యూరప్‌లోని 73 ఆసుపత్రులు కలిసి 2017లో ప్రకటించిన ఎలెక్ట్రా రిజిస్ట్రీలో దాదాపు 3,500 మంది ఉన్నారు. తీసేటప్పుడు పెద్ద హాని నూటికి 1.7 మందికి జరిగింది, ఆ కారణంగా పోయినవారు వెయ్యికి అయిదుగురు.

ఈ అంకెలను రెండు రకాలుగా చదవవచ్చు. నూటికి 98 మందికి ఏమీ కాలేదని ఒకరు చదువుతారు. మిగిలిన ఇద్దరికి ఏమైందని మా గురువుగారు చదివేవారు. ఊర్ధ్వ మహాసిర చిరిగితే నెత్తురు ఛాతీలోకి పోటెత్తుతుంది. ఛాతీ తెరిచి పట్టుకోవడానికి నిమిషాలే ఉంటాయి. గుండె సర్జన్ "ఫోన్ చేస్తే వస్తారు" అంటే చాలదు, ఆ గదిలో చేతులు కడుక్కుని నిలబడి ఉండాలి. అనస్థీషియా, గుండె-ఊపిరితిత్తుల యంత్రం, రక్తం సీసాలు సిద్ధంగా ఉండాలి. ఎలెక్ట్రా లెక్కల్లో గమనించవలసిన మరో సంగతి: ఏడాదికి కొద్దిమందికే ఈ పని చేసే ఆసుపత్రుల్లో మరణాలు ఎక్కువ, ఎక్కువమందికి చేసేచోట తక్కువ. క్యాథ్ ల్యాబ్ ఉన్న ప్రతి ఊళ్లోనూ చేయదగ్గ పని కాదిది.

తొందరపడి తీయడం ఎంత పని చేస్తుందో చెప్పడానికి వైద్యచరిత్రలో ఒక ఉదంతం ఉంది. టెలెక్ట్రానిక్స్ అనే కంపెనీ అక్యుఫిక్స్ అనే కర్ణిక లీడ్‌ను తయారుచేసింది. వంపు నిలవడానికి దానిలో సన్నని లోహపు చువ్వ పెట్టారు. కొందరిలో ఆ చువ్వ విరిగి, పొర చీల్చుకుని బయటికి పొడుచుకొచ్చి గుండెకు గుచ్చుకుంది. మరణాలు సంభవించాయి. 1994లో ఆ లీడ్ అమ్మకం ఆపేశారు. అప్పటికే పెట్టించుకున్న వేలమందికి ఉత్తరాలు వెళ్లాయి. భయం పాకింది. రోగులు తీయించుకోవాలన్నారు, వైద్యులు తీశారు. కొన్నేళ్ల తర్వాత ప్రపంచవ్యాప్త రిజిస్ట్రీ లెక్కలు కూర్చి చూస్తే, చువ్వ గుచ్చుకుని పోయినవారి కంటే దాన్ని తీయబోతే పోయినవారే ఎక్కువని తేలింది. లోపమున్న లీడ్‌ను వదిలేస్తే హాని. తీస్తే అంతకంటే హాని. తీసిన వైద్యులెవరూ చెడ్డవాళ్లు కారు. ఆ రోజుకు వాళ్లకు తెలిసింది అంతే. కానీ ఆ పాఠం నేర్చుకున్నాక కూడా "ఉంటే భయం, తీసేద్దాం" అనే మాట ఒక్కదాన్ని పట్టుకుని ఎనభయ్యేళ్ల మనిషిని బల్ల ఎక్కిస్తే అది మన తప్పే.

అయితే ఒక్క సందర్భంలో ఈ తర్జనభర్జనకు తావు లేదు. అది ఇన్ఫెక్షన్.

నేను ఎక్కువ సేపు మాట్లాడదలచింది దీని గురించే. ఎందుకంటే మన దగ్గర ఎక్కువ నష్టం జరుగుతున్నది ఇక్కడే. కథ ఎప్పుడూ ఒకే దారిన నడుస్తుంది. పెట్టె మార్చిన కొన్ని నెలలకో ఏడాదికో పాకెట్ మీది చర్మం ఎర్రబడుతుంది. కొంచెం వాపు, కొంచెం వేడి. ఊళ్లో ఆర్ఎంపీ డాక్టరు సూది వేస్తాడు, తగ్గుతుంది. మళ్లీ వస్తుంది. సన్నగా చీము కారుతుంది. టౌనులో శుభ్రం చేసి, రెండు కుట్లు వేసి, వారం రోజులు యాంటీబయాటిక్స్ రాస్తారు. మళ్లీ తగ్గుతుంది. ఈలోగా మిర్చి కోతలొస్తాయి, ఆసుపత్రి మాట వెనకబడుతుంది. మూడోసారి చర్మం పల్చబడి పెట్టె అంచు బయటికి కనిపిస్తుంది. అప్పుడు పెద్దాసుపత్రికి వెళ్తే అక్కడ పాత పెట్టె తీసి, లీడ్లను పట్టుకున్నంత మేర లాగి, రానివాటిని కత్తిరించి లోపలే వదిలేసి, రెండోవైపు కొత్త యంత్రం పెట్టి పంపుతారు. ఇంటిల్లిపాదీ గండం గడిచిందనుకుంటారు. ఆరు నెలలకు చలిజ్వరం. టైఫాయిడ్ అన్నారు, మలేరియా అన్నారు. రక్తం కల్చర్ చేస్తే స్టెఫిలోకాకస్. ఎకో తీస్తే కత్తిరించి వదిలిన ముక్క కొసన, నెత్తుటి ప్రవాహంలో ఊగుతూ, సూక్ష్మజీవుల గడ్డ.

ఆ సూక్ష్మజీవులు లీడ్ పొర మీద జిగురు పొర కట్టుకుని దాని చాటున బతుకుతాయి. మందు నెత్తుటిలో ఎంత తిరిగినా ఆ చాటుకు చేరదు. అందుకే పాకెట్‌లో చీము పట్టిందంటే, చర్మం చిట్లి పెట్టె బయటపడిందంటే, ఇన్ఫెక్షన్ మొత్తం వ్యవస్థకు సోకిందనే లెక్క. పెట్టె, లీడ్లు, పాతవీ కొత్తవీ అన్నీ తీయాలి. అమెరికా హార్ట్ రిథమ్ సొసైటీ 2017లో ఇచ్చిన ఉమ్మడి సూచనల్లో దీన్ని మొదటి తరగతి సిఫారసుగా పెట్టారు. అంటే చేయవచ్చు అని కాదు, చేయాలి అని. ఎన్ని మంచి సూచనలున్నా ఆచరణ వెనకబడటం మనకొక్కరికే చెల్లింది కాదు. 2023లో అచ్చయిన అమెరికా మెడికేర్ లెక్కల ప్రకారం యంత్రానికి ఇన్ఫెక్షన్ సోకిన రోగుల్లో అయిదుగురిలో ఒక్కరికి కూడా సకాలంలో లీడ్లు తీయలేదు. మొదటి ఆరు రోజుల్లో తీయించుకున్నవారిలో మరణాలు స్పష్టంగా తక్కువ.

కాబట్టి ఈ ప్రాంతంలో పేస్‌మేకర్ పెట్టే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట గట్టిగా చెబుతాను. ఇన్ఫెక్షన్ ఉన్న లీడ్‌ను కత్తిరించకండి. కత్తిరించిన లీడ్ పీచులోకి జారిపోతుంది. తర్వాత ఎక్కడికి పంపినా స్టైలెట్ పెట్టడానికి రంధ్రం దొరకదు, తొడ సిర గుండా వల వేసి పట్టుకోవాల్సి వస్తుంది. మీ చేతిలో తేలికగా అయ్యే పని మరొకరి చేతిలో ప్రాణాంతకమవుతుంది. మీ దగ్గర తీసే వసతి లేకపోతే దానికి చిన్నతనం పడాల్సిందేమీ లేదు. కుట్లు వేసి పంపే బదులు, పాకెట్‌లోకి సూది పెట్టి చీము లాగకుండా, యాంటీబయాటిక్ ఇవ్వకముందే రక్తం కల్చర్‌కు తీసి, ఉన్నది ఉన్నట్టు కాగితం మీద రాసి పంపండి.

ఇన్ఫెక్షన్ రాకుండా చూసుకోవడం వేరే ఉపన్యాసానికి సరిపడే విషయం. ఒక్కటి మాత్రం చెప్పి ముందుకు పోతాను. పెట్టె మార్చే ఆపరేషన్ చిన్నదనుకుంటాం, కానీ మళ్లీ మళ్లీ తెరిచిన పాకెట్‌కే ఇన్ఫెక్షన్ భయం ఎక్కువ. 2019లో సుమారు 7,000 మందితో చేసిన ర్యాపిట్ అధ్యయనంలో యాంటీబయాటిక్ పూసిన జాలీ సంచిలో పెట్టెను పెడితే ఇన్ఫెక్షన్లు నూటికి నలభై వంతులు తగ్గాయి. దాని ధర అందరికీ అందదు. షుగరు అదుపులో పెట్టడం, రక్తం పలుచబడే మందులను సరిగ్గా సర్ది పాకెట్‌లో నెత్తురు గడ్డకట్టకుండా చూడటం, రెండు వారాలు గాయం తడవనివ్వకపోవడం అందరికీ అందుతాయి.

ఇక ఇన్ఫెక్షన్ లేని, నిరపాయంగా కూర్చున్న పాత లీడ్ సంగతి. ఇక్కడే వైద్యుడి విచక్షణ పనికొస్తుంది, ఇక్కడే వైద్యులు ఒకరితో ఒకరు విభేదిస్తారు. దారులు రెండే. లీడ్ కొసకు టోపీ తొడిగి పాకెట్‌లోనే పడుకోబెట్టడం ఒకటి, తీయడం రెండోది. ఎనభై రెండేళ్ల పెద్దాయనకు బ్యాటరీ మారుస్తున్నాం, పాత లీడ్ చెడింది, పక్కన కొత్తది వేశాం. పాతదాన్ని వదిలేయండి. దాని వల్ల ఆయనకు రాబోయే నష్టం కంటే తీయడంలో నష్టమే ఎక్కువ. అదే పుట్టుకతో హార్ట్ బ్లాక్ ఉన్న ఇరవై నాలుగేళ్ల అమ్మాయి అయితే? ఆమెకు ఇంకా యాభయ్యేళ్ల జీవితముంది. అయిదారు పెట్టెలు మారతాయి, లీడ్లు మళ్లీ చెడతాయి. చెడినప్పుడల్లా పక్కన మరొకటి వేసుకుంటూ పోతే నలభయ్యేళ్లొచ్చేసరికి సిర మూసుకుపోతుంది, కవాటం రెక్కలు సరిగ్గా మూసుకోక నెత్తురు వెనక్కు కారుతుంది. అప్పుడు తీయక తప్పకపోతే ఇరవయ్యేళ్లు ముదిరిన లీడ్లను తీయాలి. ఆమె విషయంలో ఇవాళే, మూడేళ్ల వయసున్న లీడ్‌ను తీసి ఆ దారినే కొత్తది పంపడం మంచిదని నా అభిప్రాయం. ఒకవైపున నాలుగు కంటే ఎక్కువ, ఊర్ధ్వ మహాసిరలో అయిదు కంటే ఎక్కువ లీడ్లు చేరే పరిస్థితి వస్తే తీయడం ఉపయోగకరమని 2017 సూచనలు చెబుతున్నాయి. ఆ అంకె దాకా ఆగమని దాని అర్థం కాదు.

ఎంఆర్ఐ గొడవ ఒకటుంది. పేస్‌మేకర్ ఉన్నవారికి ఎంఆర్ఐ తీయకూడదనే మాట మన స్కానింగ్ సెంటర్లలో ఇప్పటికీ వేదవాక్కు. కొత్త యంత్రాలు చాలావరకు ఎంఆర్ఐకి తగినట్టే తయారవుతున్నాయి. పెట్టెకు తగిలించని పాత లీడ్ ఉంటే మాత్రం భయానికి ఆధారముంది. స్కానర్ రేడియో తరంగాలకు ఆ తీగ కొస వేడెక్కవచ్చు. అయితే 2021లో అమెరికా నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో ఇలా వదిలేసిన లీడ్లున్న 139 మందికి తగిన జాగ్రత్తలతో 200 స్కాన్లు తీస్తే చెప్పుకోదగ్గ హాని జరగలేదు. కాబట్టి ఎంఆర్ఐ కోసమని ముదిరిన లీడ్‌ను తీయడానికి తొందరపడనక్కర్లేదు. వెన్నుపూసలో గడ్డ ఉందేమో చూడాల్సిన రోగికి "మీకు కుదరదు" అని తలుపు మూయనూ అక్కర్లేదు.

లీడ్ లేని పేస్‌మేకర్లు వచ్చాయి కదా, ఇక ఈ బెడద తీరినట్టే కదా అని విద్యార్థులు అడుగుతారు. రెండు గ్రాముల యంత్రాన్ని తొడ సిర గుండా పంపి నేరుగా జఠరికలో తగిలిస్తారు. ఈ పరిశోధనలో ముందు నడిచినవారిలో న్యూయార్క్‌లోని వివేక్ రెడ్డి ఒకరు. పేరు వినగానే మనవాడేననిపించే ఆ డాక్టరు 2015లో 526 మంది ఫలితాలు ప్రకటించారు. 2016లో మైక్రా అనే యంత్రానికి అమెరికా అనుమతి వచ్చింది. పాకెట్ లేదు, లీడ్ లేదు, నిజమే. ఇన్ఫెక్షన్‌తో అన్నీ తీసేయాల్సి వచ్చిన రోగికి తర్వాత ఇది మంచి దారి. కానీ దాని బ్యాటరీ కూడా ఒకనాటికి అయిపోతుంది. అప్పుడు దాన్ని తీస్తామా, పక్కన ఇంకొకటి పెడతామా? ముప్పయ్యేళ్ల మనిషి గుండెలో అలాంటివి ఎన్ని పడతాయి? గురువుగారి ప్రశ్న మళ్లీ మొదటికొచ్చింది.

మరణం తర్వాతి సంగతి కూడా చెప్పాలి, సభామర్యాదకు కొంచెం ఇబ్బందైనా. పేస్‌మేకర్‌తో పోయినవారిని దహనం చేస్తే బ్యాటరీ చితిలో పేలుతుంది. పెట్టెను ముందే తీయించాలి. లీడ్లను అలాగే వదిలేయవచ్చు. తీసిన పెట్టెలో ఏళ్లకేళ్ల బ్యాటరీ మిగిలి ఉండటం మామూలే. ముంబయిలోని హోలీ ఫ్యామిలీ ఆసుపత్రి వైద్యులు అమెరికా నుంచి దానంగా వచ్చిన అలాంటి పెట్టెలను శుద్ధిచేసి 53 మంది పేదలకు పెట్టి, ఆ అనుభవాన్ని 2011లో ప్రకటించారు. లీడ్లు మాత్రం కొత్తవే వాడాలి.

కుటుంబాల గురించి ఒక మాట. మన ఇళ్లల్లో పెద్దవాళ్లకు సంబంధించిన నిర్ణయం కొడుకులు, అల్లుళ్లు వరండాలో తీసుకుంటారు. "నాన్నకు చెప్పకండి సార్, భయపడతారు" అంటారు. లీడ్ తీయాలా, వదిలేయాలా అన్నది ఆయన గుండె సంగతి. సంతకం తీసుకునే ముందు ఆయన మంచం పక్కన కూర్చుని, తీస్తే ఏమవుతుందో, తీయకపోతే ఏమవుతుందో ఆయనకే, ఆయన మాటల్లోనే చెప్పాలి. పత్తి కట్టె సంగతి చెబితే మా రైతులకు రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. కొందరు నాకంటే బాగా నిర్ణయించుకున్నారు.

చివరగా ఈ నేల మీద ఏం చేయవచ్చు? ఒకప్పుడు గుండె ఆపరేషన్ అంటే గుంటూరువాళ్లు మద్రాసో వెల్లూరో రైలెక్కేవారు. 2016లో గుంటూరు సర్వజనాసుపత్రిలోనే, మన ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే గారి బృందం చేతుల మీదుగా, గుండె మార్పిడి జరిగింది. మంగళగిరిలో ఎయిమ్స్ వచ్చింది. గుండెనే మార్చగల ప్రాంతంలో గుండెలోని తీగను తీయలేకపోవడానికి కారణం లేదు. అయితే ఊరికొకటి వద్దు. కృష్ణకు ఇటూ అటూ ఉన్న జిల్లాలన్నిటికీ కలిపి ఒకే కేంద్రం ఉండాలి. గుండె సర్జన్, గుండె లయల నిపుణుడైన ఎలెక్ట్రోఫిజియాలజిస్టు ఒకే కప్పు కింద పనిచేయాలి. ఏడాదికి ఎన్ని చేశారో, ఎందరికి హాని జరిగిందో బయటికి చెప్పాలి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదవాడికి పేస్‌మేకర్ అందింది, అది గొప్ప మార్పు. పెట్టడానికయ్యే ఖర్చు కంటే తీయడానికయ్యే ఖర్చు ఎక్కువ. పథకం పేరు ఏదైనా, ఇన్ఫెక్షన్ సోకిన లీడ్ తీయడానికి, ఆ తర్వాతి ఆరు వారాల యాంటీబయాటిక్స్‌కు సరిపడా మొత్తాన్ని వేరుగా కేటాయించాలని ప్రభుత్వాన్ని ఈ వేదిక మీద నుంచి కోరుతున్నాను.

దానికంటే ముందు, పైసా ఖర్చు లేనిది ఒకటుంది. పెట్టిన ప్రతి లీడ్‌కూ కంపెనీ, మోడలు, వరుస సంఖ్య, పెట్టిన తేదీ, ఏ సిర, పాత లీడ్లు ఎన్ని మిగిలాయన్నది రాసే రిజిస్టరు. గుంటూరు, విజయవాడ, ఒంగోలు వైద్యులు తలుచుకుంటే ఈ ఏడే మొదలుపెట్టవచ్చు. పేస్‌మేకర్ ఉన్న పెద్దలు ఇంటికి వెళ్లగానే బీరువాలో ఈ వివరాలున్న పేస్‌మేకర్ కార్డు ఉందో లేదో చూసుకోండి. లేకపోతే పెట్టిన ఆసుపత్రికి వెళ్లి రాయించుకోండి. పాకెట్ మీద చర్మం ఎర్రబడితే కోతలు అయ్యేదాకా ఆగకండి, మర్నాడే రండి.